హైదరాబాద్‌లో ఒక్క రోజు: ఏ వేళకి ఎక్కడ ఏం తినాలి

"అన్నా, శనివారం హైదరాబాద్ వస్తున్నాం. ఒక్క రోజే ఉంటాం. మంచి హోటల్ పేర్లు నాలుగు చెప్పు." ఈ మెసేజ్ నాకు గుంటూరు నుంచి వస్తుంది, నిజామాబాద్ నుంచి వస్తుంది, సంక్రాంతి ముందు డల్లాస్ నుంచి కూడా వస్తుంది. పేర్లు చెప్పడం పెద్ద పనేం కాదు, ఫోన్‌లో వెతికితే వంద దొరుకుతాయి. ఆ పేర్లు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో చాలామంది మాత్రం "ఏముంది అందులో" అని పెదవి విరుస్తూ తిరిగొస్తారు. పొద్దున్నే తినాల్సిన మాంసం పులుసు నిహారీ, దానికి పేరున్న చోటికి మధ్యాహ్నం మూడింటికి వెళ్తారు. బిర్యానీ రాత్రి పదకొండింటికి తింటారు. రంజాన్ నెలలో గోధుమ, మాంసం మెదిపి చేసే హలీమ్‌ని రంజాన్ అయిపోయిన నెలకి అడుగుతారు.

ఈ ఊళ్ళో తిండికి చిరునామా కంటే వేళ ముఖ్యం. అదే హోటల్, అదే వంటవాడు, అదే ప్లేటు, కానీ రెండు గంటలు ఆలస్యంగా వెళ్తే అది వేరే తిండి. అందుకే ఇక్కడ హోటళ్ళ జాబితా కాకుండా గడియారం ప్రకారం రాస్తున్నాను. పాతబస్తీ, అబిడ్స్, ఎంజే (మొజంజాహీ) మార్కెట్ చుట్టూ తిరిగే ప్లాన్ ఇది. హైటెక్ సిటీ వైపు కూడా మంచి చోట్లు ఉన్నాయి, కానీ అక్కడ దొరికేవి చాలావరకు బెంగళూరులోనూ దొరుకుతాయి. ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్ళు అటు వెళ్ళడం దండగ.

ఏమేం కావాలి

అన్నిటికంటే ముందు ఖాళీ కడుపు. ముందురోజు రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకోండి. బస్సు ఆగిన దాబాలో అర్ధరాత్రి పరోటాలు లాగించి దిగేవాళ్ళకి ఈ ప్లాన్ పనికిరాదు.

ముగ్గురో నలుగురో మనుషులుంటే మంచిది. ఒక్కరే అయితే మధ్యాహ్నానికే కడుపు నిండిపోతుంది. నలుగురుంటే ప్రతి చోటా రెండు ప్లేట్లు చెప్పి పంచుకోవచ్చు. ఇక్కడ చాయ్ కూడా వన్ బై టూ అడిగితే ఇస్తారు, మొహమాటం అక్కర్లేదు.

డబ్బు మనిషికి వెయ్యి రూపాయలు పెట్టుకోండి, పంచుకుని తింటే మిగులుతుంది. ఫోన్‌తో కట్టడం దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది. కానీ చార్మినార్ దగ్గర జనం కిక్కిరిసినప్పుడు నెట్ మొరాయిస్తుంది. పది, ఇరవై, యాభై నోట్లు కొన్ని జేబులో ఉండాలి.

కారు వద్దు. పత్తర్‌గట్టి సందుల్లో కారు పెట్టే చోటు వెతికేసరికి నిహారీ అయిపోతుంది. పొద్దున్నే క్యాబ్‌లోనో ఆటోలోనో వెళ్ళండి, ఎందుకంటే మెట్రో ఆరింటికి గానీ మొదలవదు. ఆ తర్వాత మెట్రో బాగా పనికొస్తుంది. రెడ్ లైన్‌లో గాంధీ భవన్ స్టేషన్‌లో దిగితే ఎంజే మార్కెట్‌కి నడిచిపోవచ్చు. చార్మినార్ దాకా మెట్రో ఇంకా రాలేదు. ఎంజీబీఎస్‌లో దిగి అక్కణ్ణుంచి ఆటో ఎక్కాలి.

చేతిగుడ్డ, నీళ్ళ బాటిల్, నడవడానికి అలవాటైన చెప్పులు. కొత్త చెప్పులేసుకుని రావద్దు.

1. మొదట ఏ రోజో ఎంచుకోండి

శుక్రవారం వద్దు. మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటుంది, ఆ రెండు గంటలు చార్మినార్ వైపు కదలడం కష్టం. పైగా చౌమహల్లా ప్యాలెస్‌కీ సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారమే సెలవు కాబట్టి తిండికీ తిండికీ మధ్య కాలక్షేపం కూడా ఉండదు. ఆదివారం వెళ్ళొచ్చు గానీ బిర్యానీ దగ్గర క్యూ కట్టాలి. వారం మధ్యలో ఏ రోజైనా హాయిగా ఉంటుంది.

రంజాన్ నెలలో వస్తే ఈ ప్లాన్ మొత్తం తలకిందులు చేసుకోవాలి. పాతబస్తీలో పగలు చాలా హోటళ్ళు మూసి ఉంటాయి. సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా తిరగాలి. ఆ సంగతి కింద విడిగా చెప్తాను.

2. పొద్దున ఆరు: నిహారీ

నయాపుల్ దాటాక ఛత్తా బజార్ వైపున్న నయాబ్ హోటల్, లేదా మదీనా చౌరస్తా దగ్గరున్న షాదాబ్. రెంటికీ మధ్య దూరం ఎక్కువ లేదు. ఒక చోట జనం ఎక్కువైతే రెండో చోటికి నడవండి. ఎనిమిది దాటాక వెళ్తే అడుగున మిగిలింది పోస్తారు, అది ఉప్పగా ఉంటుంది. ఏడు లోపు కూర్చోవాలి.

ఎముకలు, కండ రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన పులుసు ఇది. డేగిశా మూత తీసినప్పుడు పైన ఎర్రటి నూనె పొర తేలి కనిపిస్తుంది. వడ్డించేవాడు గరిటెతో ఆ పొరని పక్కకి తోసి, లోపలి నుంచి పులుసు తీసి, చివర్లో పైనూనె కొంచెం వేస్తాడు. నూనె ఎక్కువ వద్దనుకుంటే అప్పుడే చెప్పండి, "తరీ కమ్, భాయ్" అంటే చాలు. ప్లేటు బల్ల మీదికొచ్చాక చెప్తే ఉపయోగం లేదు.

ఆర్డర్‌లో మూడు రకాలు వినిపిస్తాయి. ఉత్త నిహారీ, పాయా అంటే కాళ్ళు, జబాన్ అంటే నాలుక. మొదటిసారి అయితే నిహారీ ఒకటి, పాయా ఒకటి చెప్పి పంచుకోండి. పక్కన కుల్చా గానీ నాలుగు మూలల నాన్ గానీ తీసుకోవాలి. దీన్ని చార్‌కోనీ నాన్ అంటారు. వేడిగా ఉన్నంతసేపే బాగుంటుంది, చల్లారితే తోలులా సాగుతుంది. అందుకే అన్నీ ఒకేసారి తెప్పించుకోకండి, ఒక్కొక్కటి అడగండి. నాన్ మీద మనసుపడితే పురానీ హవేలీ వైపు మున్షీ నాన్ అని ఒక దుకాణం ఉంది, 1851 నుంచి నడుస్తోందని చెప్పుకుంటారు. అక్కడ నాన్ తప్ప ఇంకేం ఉండదు. కాగితంలో చుట్టి ఇస్తే పట్టుకుపోవాలి.

నిహారీ బాగా వచ్చిందో లేదో తెలుసుకోవడం తేలిక. పులుసు చూడ్డానికి పల్చగా ఉండాలి, రెండు గుటకలు తాగాక పెదాలు ఒకదానికొకటి అతుక్కోవాలి. అది ఎముకలోంచి దిగిన జిగురు. చిక్కగా గోధుమరంగులో ఉండి పెదాలు అతుక్కోకపోతే పిండి కలిపారని అర్థం. నిమ్మకాయ పిండకుండా ఒకసారి, పిండి ఒకసారి రుచి చూడండి.

జాగ్రత్త: పాతబస్తీ హోటళ్ళలో కొన్నిచోట్ల నిహారీ, కబాబ్‌లు బీఫ్‌తో కూడా చేస్తారు. తినని వాళ్ళు "ఛోటే కా హై నా?" అని అడిగితే మటనా కాదా చెప్తారు. రోజూ అందరూ అడిగే మాటే, ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారులకి: నిహారీ వదిలేసి నేరుగా చార్‌కమాన్ వెళ్ళండి. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి పొద్దున పూట ఉంటుంది. పెనం మీద వెన్న ముద్ద పడుతుంది, దాని మీద కారప్పొడి, ఉల్లిపాయ, టమాటా, ఇడ్లీలని అందులో వేసి గరిటెతో చిదిమి తిప్పుతారు. తవా ఇడ్లీ అంటే అదే. దోశ కూడా ఇదే పద్ధతి, మధ్యలో ఉప్మా పరిచి వెన్నతో కాలుస్తారు. మన ఇంటి దోశతో పోల్చుకుంటూ తినొద్దు, ఇది వేరే జాతి. నిలబడే తినాలి. "వెన్న తక్కువ" అని అడగొచ్చు, కానీ అడిగితే ఇక్కడికి రావడమే అనవసరం.

తెల్లవారుజామున నాలుగింటికే రైలు దిగినవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఎంజే మార్కెట్‌లో కరాచీ బేకరీ దగ్గర రామ్ కీ బండి. ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు అక్కడ దోశలు నడుస్తుంటాయి. సూర్యుడొచ్చాక వెళ్ళి లాభం లేదు.

3. ఎనిమిదింటికి చాయ్

మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్‌కి నడవండి. దుకాణాల షట్టర్లు ఇంకా మూసే ఉంటాయి, రాతి కమానులు పూర్తిగా కనిపించేది ఆ వేళలోనే. తిన్నది కాస్త దిగుతుంది కూడా.

చార్మినార్ పక్కనే, మక్కా మసీదుని ఆనుకుని నిమ్రా కేఫ్. కూర్చోవడానికి పెద్దగా చోటుండదు, కప్పు చేత్తో పట్టుకుని బయట నిలబడతారు. కౌంటర్‌లో ముందు బిస్కట్ల సంగతి చూసుకోండి. లోపలి నుంచి రేకు పళ్ళెంలో వేడి ఉస్మానియా బిస్కట్లు వస్తుంటాయి. పొయ్యిలోంచి వచ్చిన బిస్కట్ మెత్తగా ఉంటుంది, చల్లారితేనే గుల్లబారుతుంది. వేడిది ఒకటి, ఆరినది ఒకటి తినండి, తేడా తెలుస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద పిలిచే ఈ బిస్కట్‌లో తీపి కన్నా ఒక పిసరు ఉప్పు ముఖ్యం. ఉప్పు తగలకపోతే అది మామూలు బేకరీ బిస్కటే.

ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా ఉంటాయి. డికాక్షన్ మూత బిగించిన పాత్రలో గంటల తరబడి మగ్గుతుంది. పాలు మరిగి మరిగి చిక్కబడతాయి. కప్పులో రెండూ కలుస్తాయి. చూసుకోవాల్సినవి రెండు. కప్పు ఒక్క నిమిషం కదపకుండా ఉంచితే పైన మీగడ పొర కట్టాలి. తాగితే మొదట తీపి, వెనకాల డికాక్షన్ చేదు తెలియాలి. అల్లం ఘాటు కొట్టిందంటే అది మసాలా చాయ్, ఇరానీ కాదు.

చక్కెర చాలాచోట్ల ముందే కలిపి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు "చక్కెర లేకుండా" అని అడిగితే కుదరకపోవచ్చు. వన్ బై టూ చెప్పి సగం కప్పుతో ఆగడం మేలు.

నిమ్రా దగ్గర జనాన్ని చూసి భయమేస్తే లక్డీకాపూల్ వైపు రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ కేఫ్ ఉంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవాళ్ళకి స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా హోటల్. పాత ఇరానీ హోటల్లో కుర్చీ దొరికి కూర్చుంటే చిన్న ఉల్లిపాయ సమోసాలో, బిస్కట్లో ఒక ప్లేటు నిండా తెచ్చి ముందర పెడతారు. అన్నీ తినాలేమో అని టెన్షన్ పడకండి. ఎన్ని తింటే అన్నిటికే లెక్క.

4. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా ఏమీ తినొద్దు

నా మాట వినండి, ఈ మెట్టు దగ్గరే చాలామంది ఓడిపోతారు. లాడ్ బజార్‌లో తిరుగుతూ లస్సీ ఒకటి, కోసిన పండ్లు ఒక ప్లేటు, మిర్చి బజ్జీ రెండు లాగిస్తారు. బిర్యానీ ముందు కూర్చునేసరికి నాలుగు ముద్దలు దిగవు. తర్వాత "బిర్యానీ ఏమంత లేదు" అంటారు.

చౌమహల్లా పది గంటలకి తెరుస్తారు, రెండు గంటలు గడిచిపోతాయి. నీళ్ళు తాగండి. వేసవిలో అయితే మజ్జిగో నిమ్మకాయ సోడానో సరే. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన తాటి ముంజలు కనిపిస్తే వాటికి మాత్రం మినహాయింపు ఇస్తాను.

5. పన్నెండున్నర: బిర్యానీ

మధ్యాహ్నం మొదటి డేగిశా తెరిచే వేళ ఇది. రాత్రి బిర్యానీ కూడా బాగుండే చోట్లున్నాయి. కానీ మొదటిసారి తినేవాళ్ళకి నేను మధ్యాహ్నమే చెప్తాను. అమ్మకం ఎక్కువ ఉన్న చోట డేగిశా తర్వాత డేగిశా దిగుతుంటుంది, నిలవ ఉండే సమస్య రాదు.

ఎక్కడ? పాతబస్తీలోనే ఉంటే షాదాబ్, లేదా చార్మినార్ దాటి శాలిబండలో షా గౌస్. బయటికి వచ్చేస్తే బషీర్‌బాగ్ వైపు కేఫ్ బహార్. అబిడ్స్‌లో 1935 నాటి గ్రాండ్ హోటల్ ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చి. ఈ చివరి పేరుతో జాగ్రత్త. ముందు ఏదో ఒక మాట తగిలించి "బావర్చి" అని బోర్డు పెట్టిన హోటళ్ళు ఊరంతా ఉన్నాయి. వాటిలో చాలావాటికి క్రాస్‌రోడ్స్ హోటల్‌తో సంబంధం లేదు. సికింద్రాబాద్‌లో 1953లో సినిమా హాల్ పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్ పేరు అందరికీ తెలుసు. కుటుంబంతో, ముసలివాళ్ళతో వస్తే అక్కడ కూర్చోవడం సుఖంగా ఉంటుంది. ఏది గొప్పదన్న గొడవలో నేను దిగను, ఇంట్లోనే తగువులవుతాయి.

ఆర్డర్ ఇలా చెప్పండి:

మటన్ బిర్యానీ చెప్పండి, చికెన్ కాదు. పచ్చి మాంసాన్ని పెరుగు, మసాలాల్లో నానబెట్టి, మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ పెట్టే పద్ధతి మటన్‌లోనే పూర్తిగా తెలుస్తుంది.

నలుగురికి రెండు ఫుల్ చెప్పండి. ఒక్క ఫుల్ ఇద్దరికి సులభంగా వస్తుంది. తలా ఒకటి చెప్పి సగం వదిలేసే బల్లలు ప్రతిరోజూ చూస్తుంటాం. చాలకపోతే ఉత్త బిర్యానీ రైస్ అడగొచ్చు.

వడ్డించేవాడితో "నీచే కా మసాలా డాలో భాయ్" అనండి. డేగిశా అడుగున ఉండే మసాలా ముక్కలతో పాటు వస్తుంది. ఇది అడగని ప్లేట్లలో పైన ఉన్న తెల్ల అన్నం ఎక్కువ, మసాలా తక్కువ పడుతుంది. తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటారు, కాకపోతే దక్కనీలో అడిగితే ఒక గరిటె ఎక్కువేస్తారని నా నమ్మకం.

ఇప్పుడు పరీక్షలు. మెతుకు మెతుకుకీ రంగు మారాలి. కొన్ని తెల్లగా, కొన్ని కుంకుమపువ్వు పసుపులో, కొన్ని మసాలా గోధుమరంగులో. మొత్తం ఒకే నారింజ రంగుంటే రంగు కలిపారు. చెంచాతో నొక్కితే ముక్క ఎముక నుంచి జారాలి, అలాగని పొడిపొడి అయిపోకూడదు. సగం ప్లేటు తిన్నాక అడుగున నూనె మడుగు కట్టకూడదు. పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో వేరుశనగ, నువ్వులు, చింతపండు మూడూ తగలాలి. అది నీళ్ళలా ఉంటే ఆ హోటల్ పని దొంగతనంగా చేస్తోందని లెక్క. అన్నం ఎలా ఉందో చూడకముందే సాలన్ పోసేయకండి. మొదటి మూడు ముద్దలు ఉత్తదే తినండి.

శాకాహారులు ఈ వేళకి అబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ భోజనానికి వెళ్ళొచ్చు. వెజ్ బిర్యానీ అని చెప్పి పైన చెప్పిన హోటళ్ళకి వెళ్ళడం మాత్రం వద్దు. దొరుకుతుంది, కానీ అక్కడ ఎవరూ దాని మీద మనసు పెట్టరు.

"మాకు మన తెలుగు భోజనమే కావాలి" అనేవాళ్ళు ఉంటారు. రాగి సంకటి, నాటుకోడి పులుసు కావాలంటే లక్డీకాపూల్‌లో రాయలసీమ రుచులు. గోదావరి వంటలకి కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ శాఖలు ఇక్కడా ఉన్నాయి. తూర్పుగోదావరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో అది తినడం ఎందుకో నాకు అర్థం కాదు గానీ, వరంగల్ వాళ్ళు తప్పక వెళ్ళండి.

6. తీపి అక్కడే, వెంటనే

బిర్యానీ తిన్న చోటే ఖుబానీ కా మీఠా ఒక ప్లేటు చెప్పి చెంచాలు నాలుగు అడగండి. ఎండు ఆప్రికాట్ పండ్లని నానబెట్టి ఉడికించి చేస్తారు. నాలుక మీద పండు పీచు తగలాలి, తీపి వెనకాల చిన్న పులుపు ఉండాలి. జామ్‌లా నున్నగా, తీపి ఒక్కటే ఉంటే చక్కెర పాకం ఎక్కువైందన్నమాట. డబల్ కా మీఠా పెళ్ళిళ్ళలో బాగుంటుంది. హోటళ్ళలో నేను పెద్దగా చెప్పను.

తర్వాత గదికి వెళ్ళి రెండు గంటలు పడుకోండి. తమాషాకి అనడం లేదు, ప్లాన్‌లో ఇది కూడా భాగమే.

7. సాయంత్రం ఐదున్నర: ఎంజే మార్కెట్

1935లో కట్టిన రాతి మార్కెట్ ఇది, ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. లోపలి ఆవరణలో ఫేమస్ ఐస్‌క్రీమ్ ఉంది. ఆరుబయట కుర్చీలు. ఇక్కడ చాక్లెట్, వెనీలా చెప్పకండి. ఏ కాలంలో ఏ పండు ఉంటే అది అడగండి. వేసవిలో మామిడి, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా సీతాఫలం. మహబూబ్‌నగర్ వైపు నుంచి సీతాఫలాలు నగరానికి దిగే రోజుల్లో వస్తే అదృష్టవంతులు. సరైన సీతాఫలం ఐస్‌క్రీమ్‌లో గుజ్జు రేణువులు పంటికి తగులుతాయి. వాసన మాత్రమే ఉండి రేణువులు లేకపోతే ఎసెన్స్.

మార్కెట్ దగ్గరే హమీదీ దుకాణంలో జౌజీ హల్వా దొరుకుతుంది. జాజికాయ వాసన, నెయ్యి కారుతూ ఉంటుంది. ఒక చిన్న ముక్క చాలు, వంద గ్రాములు నలుగురికి ఎక్కువే.

ఉప్పూకారం కావాలంటే కోఠీకి నడవండి, గోకుల్ చాట్‌లో నిలబడి పానీపూరీ, దహీపూరీ. ఆరు దాటితే తోసుకోవాల్సిందే, ఫోన్లూ పర్సులూ ముందు జేబులో పెట్టుకోండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. ఆ రోజుల్లో ఈ పక్కంతా ట్రాఫిక్ నరకం, మెట్రో తప్ప వేరే మార్గం చూడొద్దు.

8. రాత్రి

కడుపులో ఇంకా చోటుందా? అప్పుడే ఈ మెట్టు. చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉంటారు. మండీ అనే అరబ్బుల మాంసం అన్నం తినాలంటే అక్కడికే వెళ్ళాలి. కింద పరుపు మీద కూర్చుని ఒకే పెద్ద పళ్ళెంలో నలుగురూ తినాలి. బిర్యానీ అలవాటున్న నాలుకకి కారం తక్కువనిపిస్తుంది. మాంసం, అన్నం వాసన మీద నడిచే తిండి అది. మధ్యాహ్నం బిర్యానీ బాగా తిన్నవాళ్ళు అదే రోజు మండీ పెట్టుకోకండి. రెండో రోజు ఉంటే సరే.

మామూలు మనుషులకి రాత్రికి సాయంత్రం వేళ బండ్ల మీద అప్పటికప్పుడు కొట్టి కాల్చే జొన్నరొట్టె రెండు, పక్కన ఏదైనా ఆకుకూర చాలు. దాదాపు ప్రతి కాలనీలో దొరుకుతుంది. రొట్టె కాలుస్తున్నది కళ్ళతో చూసి కొనండి, డబ్బాలో పెట్టినవి వద్దు.

కల్లు, నీరా

ఇది కూడా అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నగరం లోపల కల్లు కాంపౌండ్‌లో కొత్తవాళ్ళు తాగొద్దు. చెట్లు లేని చోట అంత కల్లు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆలోచించండి. మత్తు మందులు కలిపిన కేసులు ఎన్నో పట్టుబడ్డాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. రుచి చూడాలనుకుంటే ఊరి బయట తెలిసిన గీత కార్మికుడి దగ్గర, పొద్దున్నే, చెట్టు నుంచి దించింది దించినట్టు తాగాలి. అది కుదరనివాళ్ళకి నెక్లెస్ రోడ్‌లో 2023లో తెరిచిన నీరా కేఫ్ ఉంది. నీరా అంటే చెట్టు నుంచి దించిన, ఇంకా కల్లుగా మారని రసం, పులియకముందే చల్లగా తాగాలి. తియ్యగా ఉండాలి, నాలుక మీద చురుక్కుమందంటే పులవడం మొదలైనట్టే, తిరిగి ఇచ్చేయండి.

రంజాన్‌లో వస్తే

హైదరాబాదీ హలీమ్‌కి 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి భట్టీ మీద గంటల తరబడి కర్రలతో మెదుపుతారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య తినండి. పిస్తా హౌస్, షా గౌస్, మాసబ్ ట్యాంక్ వైపు సర్వీ, కేఫ్ 555. ఉపవాసం విడిచే సమయానికి సరిగ్గా పది నిమిషాల ముందు వెళ్ళి కౌంటర్ దగ్గర తోసుకోకండి. రోజంతా ఏమీ తినని వాళ్ళు అక్కడ ఉంటారు, వాళ్ళని ముందు తీసుకోనివ్వాలి.

పరీక్ష: చెంచా ఎత్తితే సాగాలి, అందులో మాంసం పీచులు కనిపించాలి. గోధుమ పలుకులు పంటికి తగిలితే సరిగ్గా మెదగలేదు. జావలా జారితే గోధుమ ఎక్కువ, మాంసం తక్కువ. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి టికెట్ బుక్ చేసే ముందు క్యాలెండర్ చూసుకోండి. మిగతా నెలల్లో కూడా కొన్నిచోట్ల అమ్ముతారు. అందులో కోరిక తీరదు.

తరచూ చేసే తప్పులు

రేటింగ్ నక్షత్రాలు చూసి వెళ్ళడం. ఒకే హోటల్లో కబాబ్ నుంచి చైనీస్ దాకా అన్నీ చెప్పడం కూడా అంతే. ఒక్కో చోట ఒక్కటే బాగుంటుంది, అది తిని లేచిపోవాలి.

గది నుంచి ఫోన్‌లో తెప్పించుకోవడం. చాయ్, నిహారీ, నాన్ డబ్బాలో వస్తే మీరు తిన్నది అవి కావు.

చిన్నపిల్లలతో ఈ ప్లాన్ మొత్తం లాగడం. పిల్లలుంటే 3, 5, 7 మెట్లు చాలు. బిర్యానీ కారంగా ఉంటుంది, వాళ్ళకి పెరుగు చట్నీ ఇంకో గిన్నె అడిగి పెట్టుకోండి.

పచ్చి ఉల్లిపాయ, కోసిన నిమ్మకాయ, బయట పెట్టిన చట్నీల విషయంలో వర్షాకాలంలో జాగ్రత్తగా ఉండండి. నీళ్ళు మీ బాటిల్‌వే తాగండి.

ఇంటికి పట్టుకెళ్ళేవి

ఉస్మానియా బిస్కట్లకి నాంపల్లిలో సుభాన్ బేకరీ. ఫ్రూట్ బిస్కట్లకి ఎంజే మార్కెట్‌లో కరాచీ బేకరీ. దేశ విభజన తర్వాత కరాచీ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నానీ 1953లో పెట్టారు. బయలుదేరే రోజే కొనండి, డబ్బా మీద తయారీ తేదీ చూసుకోండి. సూట్‌కేస్ అడుగున పెడితే ఉస్మానియా పొడైపోతుంది, చేతి సంచిలో పైన పెట్టుకోవాలి.

బిర్యానీ పార్శిల్ తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇది కొంచెం వివరంగా. రైలు టైంకి గంట ముందు తీసుకోండి, పొద్దున కొని సాయంత్రం దాకా తిప్పొద్దు. పెరుగు చట్నీ ఎండాకాలంలో తీసుకోకపోవడమే మంచిది. సాలన్ కవర్‌కి రెండో ముడి వేయించి, విడిగా గిన్నెలో నిలబెట్టి పెట్టుకోండి. డబ్బా మూత ఒక మూల కొంచెం తెరిచి ఉంచితే ఆవిరి పోతుంది, లేకపోతే కాజీపేట వచ్చేసరికి అన్నం ముద్దవుతుంది. మూడు నాలుగు గంటల్లో తినేయండి.  విశాఖ వెళ్ళేవాళ్ళు దారిలోనే తినేసి, ఇంటికి బిస్కట్లు పట్టుకెళ్ళండి.